ఆరు తర్వాత ఏడే రావాల్నా?

1, 2, 3, 4, 5, 6. దీని తర్వాత ఏముంటది?

ఏడు అన్నరు గద. కానిస్టేబుల్‌కు, గ్రూప్స్‌కు తయారయ్యే తమ్ముళ్లను, చెల్లెండ్లను ఎవలనడిగినా ఏడే అంటరు. ఆప్షన్లల్ల ఏడు కనవడితె చాలు, కండ్లు మూసుకొని బబుల్ నింపుతరు. నేను ఇయ్యాల చెప్పే వరుసల మాత్రం ఆరు తర్వాత తొమ్మిది వస్తది. తొమ్మిది తర్వాత ఎనిమిది. గప్పుడు గాని ఏడు రాదు. వరుస గిట్ల నడుస్తది:

1, 2, 3, 4, 5, 6, 9, 8, 7, 10, 15, 12, 25, 18, 27, 16...

పేక కలిపి పంచినట్టే కనవడ్తది. కానీ ఇందుల ఒక్క సంఖ్య సుత ఉత్తగ పడలేదు. మీరు ఎంత పెద్ద సంఖ్య చెప్పినా ఈ వరుసల దానికొక జాగ ఉంది. ఆ జాగ ఒక్కటే ఉంది, రెండు లేవు. లెక్కల భాషల దీన్ని సహజ సంఖ్యల ప్రస్తారం అంటరు.

ఇంటర్ సెకండియర్ల ప్రస్తారాలు, సంయోగాలు అని ఒక పాఠం ఉంటది, యాదికున్నదా? నలుగురిని నాలుగు కుర్చీలల్ల ఎన్ని తీర్ల కూసోబెట్టొచ్చు అని అడుగుతరు. జవాబు 24. అక్కడ కుర్చీలు నాలుగే కాబట్టి ఎవలన్న నిలవడే ఉన్నరా, ఎవలన్న రెండు కుర్చీలు పట్టుకున్నరా అని కండ్లతోనే చూసి చెప్పొచ్చు. ఇక్కడ కూసునేటోళ్లకు అంతు లేదు, కుర్చీలకు సుత అంతు లేదు. పైన రాసిన పదహారు సంఖ్యలల్ల 11 లేదు, 13 లేదు, 14 లేదు. అవి ఎన్నడన్న వస్తయా? వచ్చిన 25 మల్ల ఎక్కడన్న రెండోసారి వస్తదా? జీవితమంత రాసుకుంట కూసున్నా వరుస అయిపోదు గద, మరి ఎట్ల నమ్మాలె?

వరుసను వరుసగనే చదివితె దీనికి జవాబు దొర్కదు. చెట్టు లెక్క నిలవెడితె దొర్కుతది.

మొదలు ఒక అల్కటి చెట్టు వేద్దాం. కాయితం పైభాగంల 1 రాయుండ్రి. (లెక్కలోళ్ల చెట్టు తలకిందులు. వేరు పైన, కొమ్మలు కింద.) ఏ సంఖ్య కిందనైనా రెండు కొమ్మలు. ఎడమ దిక్కు దాని రెట్టింపు, కుడి దిక్కు రెట్టింపు కంటె ఒకటి ఎక్కువ. 1 కింద 2, 3. 2 కింద 4, 5. 3 కింద 6, 7. గిట్ల దిగుకుంట పోతె సంఖ్యలు ఏ కలవరం లేకుంట క్రమంలనే పడతయి. డిగ్రీల కంప్యూటర్స్ చదివేటోళ్లకు హీప్ అని వచ్చేది ఈ అమరికనే.

ఈ చెట్టుల ప్రతి జాగకు ఒక తొవ్వ ఉంటది. ఎడమకు మలిగితె 0, కుడికి మలిగితె 1 అని రాసుకుందాం. 12 కాడికి పోవాలంటె 1 నుంచి కుడికి 3, ఎడమకు 6, మల్ల ఎడమకు 12. అంటె 1, 0, 0. ముందట ఒక 1 పెడితె 1100. కంప్యూటర్ భాషల, అంటె ద్విసంఖ్యామానంల, 12ను రాసేది గిట్లనే. జాగ నంబరే దాని తొవ్వ, తొవ్వనే దాని నంబరు.

చెట్టును గట్లనే ఉంచి కూసునేటోళ్లను మార్చుడే ఇగ పని. అన్నిటికంటె సులువు, తొవ్వను తిరగేసుడు. 6 తొవ్వ కుడి, ఎడమ. తిరగేస్తె ఎడమ, కుడి, అది 5 తొవ్వ. కాబట్టి 5, 6 జాగలు మార్చుకుంటయి. అన్ని వరుసలల్ల గిట్లనే చేస్తె 1, 2, 3, 4, 6, 5, 7, 8, 12, 10, 14, 9, 13, 11, 15 అని ఒక ప్రస్తారం తయారైతది. రెండుసార్లు తిరగేస్తె మల్ల మొదటికే వస్తది కాబట్టి ఎవలు తప్పిపోయే భయం లేదు.

మనం మొదలు చూసిన వరుస దీనికంటె చానా గట్టి సరుకు. దాని పేరు డౌడ్నా వరుస. దాని చెట్టు 2 కాడ మొదలైతది, నియమాలు రెండే. కుడి దిక్కు రెట్టింపు. ఎడమ దిక్కు మాత్రం, ఆ సంఖ్యను ప్రధాన కారణాంకాలుగ విడగొట్టి ఒక్కొక్కదాన్ని తర్వాతి ప్రధాన సంఖ్యకు జరపాలె. ప్రధాన సంఖ్యలు తెలిసినయే: 2, 3, 5, 7, 11, 13, గిట్ల. 1తోని, తనతోని తప్ప ఇంక దేనితోని నిశ్శేషంగ భాగం పోనివి. బస్సుల అందరు ఒక్కొక్క సీటు పక్కకు జరిగినట్టు 2 పోయి 3 అయితది, 3 పోయి 5, 5 పోయి 7. ఉదాహరణకు 12 అంటె 2×2×3. జరిపితె 3×3×5, అంటె 45. కాబట్టి 12కు ఎడమ కొమ్మ 45, కుడి కొమ్మ 24.

2 కింద 3, 4. 3 కింద 5, 6. 4 కింద 9, 8. ఆ కింది వరుస 7, 10, 15, 12, 25, 18, 27, 16. అందరికంటె పైన 1ని గడప లెక్క పెట్టి, వరుసలను ఎడమ నుంచి కుడికి చదువుండ్రి. మొదలు రాసిన వరుసనే వస్తది. 16 తర్వాత ఏంది అంటె, 7 కింద ఎడమ కొమ్మ కాబట్టి 11. దాని పక్కపొంటి 14. ఎడమ అంచు పట్టుకొని దిగితె 2, 3, 5, 7, 11, 13 అని ప్రధాన సంఖ్యలన్ని వరుసగ దొర్కుతయి. కుడి అంచుకు 2, 4, 8, 16, 32. మిగిలిన సంఖ్యలన్ని ఈ రెండంచుల నడుమ.

అందరు వచ్చిన్రా అనే ప్రశ్నకు ఇప్పుడు పోదాం. కిందికి దిగుడు బందు చేసి పైకి ఎక్కి చూడాలె. ఏదన్న సంఖ్యను పట్టుకొని, నీ తండ్రి ఎవలు అని అడగాలె. సరి సంఖ్య అయితె అది కుడి కొమ్మనే అయి ఉండాలె, ఎందుకంటె ఎడమకు జరిగినంక 2 అనే కారణాంకం మిగలదు, అన్నీ బేసియే పుడతయి. కాబట్టి సగం చేస్తె తండ్రి. బేసి సంఖ్య రెట్టింపుగ పుట్టే ముచ్చటే లేదు, కాబట్టి అది ఎడమ కొమ్మ. కారణాంకాలను ఒక్కొక్క సీటు వెనకకు జరిపితె తండ్రి. అంటె 2ను తప్పిస్తె అందరికి ఒక్కలే తండ్రి, ఆ తండ్రి ఎవలో సంఖ్యను చూస్తనే తెలుస్తది.

ఇంకొకటి. సగం చేసినా, వెనకకు జరిపినా సంఖ్య తగ్గుతది. మన ఇండ్లల్ల తీరుకు ఉల్టా, ఈడ ఎప్పుడైన బిడ్డ కంటె తండ్రే చిన్నోడు. పూర్ణసంఖ్యలు ఎంత దూరమని తగ్గుతయి? ఒక కాడ ఆగాల్సిందే. 2 కంటె పెద్ద ఏ సంఖ్యకైనా ఇంకో మెట్టు పైకి ఉంది కాబట్టి ఆగేది 2 కాడనే. అంటె ప్రతి సంఖ్య ఎక్కి ఎక్కి 2 కాడికి చేరుతది. వచ్చిన తొవ్వనే తిరిగి దిగితె దాని జాగ. ఎక్కే తొవ్వ ఒక్కటే కాబట్టి జాగ సుత ఒక్కటే.

రుజువు అయిపోయింది. ఎవలు తప్పిపోలేదు, ఎవలు రెండుసార్లు కూసోలేదు. దీనికి కంప్యూటర్ అక్కర పడలేదు. మనం అరువు తెచ్చుకున్నది ఒక్కటే: ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగ ఒకే ఒక్క తీరుగ విడగొట్టొచ్చు అన్నది. పదో తరగతి పుస్తకంల వాస్తవ సంఖ్యల పాఠంల అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం అని ఉన్నది గిదే. మార్కుల కోసం బట్టీ కొట్టి మర్చిపోయినం. అది లేకుంటె ఈ చెట్టు ఒక్క పూట నిలవడది.

నమ్మకం కుదరకపోతె ఒకదాన్ని ఎక్కిచ్చి చూద్దాం. మన రాష్ట్రం వచ్చిన ఏడాది, 2014. సరి సంఖ్య, సగం చేస్తె 1007. అది 19×53. వెనకకు జరిపితె 17×47, అంటె 799. అట్లనే 559, 451, 259, 155, 87, 46. ఇప్పుడు సరి సంఖ్య వచ్చింది, సగం చేస్తె 23. ఆడికెల్లి 19, 17, 13, 11, 7, 5, 3, 2. మొత్తం 17 మెట్లు. ఇదే పని 2025కు చేయుండ్రి. 2025 అంటె 3×3×3×3×5×5. వెనకకు జరిపితె 144. ఆ తర్వాత 72, 36, 18, 9, 4, 2. ఏడే మెట్లు! సంఖ్యగ 2014 కంటె 2025 పెద్దది, చెట్టుల మాత్రం పది మెట్లు పైన కూసున్నది. ఇక్కడ ఎత్తు సైజును బట్టి రాదు. 53 అసొంటి పెద్ద ప్రధాన సంఖ్యను మోసేటోళ్లు లోతుకు పోతరు.

నాకు మస్తు నచ్చిన ముచ్చట ఇప్పుడు వస్తది. 2025 దిగిన తొవ్వను 0, 1 లతోని రాస్తె, ముందటి 1తోని కలిపి, 11011110. మామూలు అంకెలల్ల అది 222, అంటె 2ను ఒకటో జాగగ లెక్కేస్తె 2025ది 222వ జాగ. ఇప్పుడు ఆ తొవ్వల ఒక్కొక్క 1 కాడ ఆగి, దాని కుడి దిక్కు ఎన్ని సున్నాలు ఉన్నయో లెక్కపెట్టుండ్రి. సున్నా ఒక్కటి సుత లేకుంటె 2 అని, ఒకటి ఉంటె 3 అని, రెండు ఉంటె 5 అని, మూడు ఉంటె 7 అని రాసుకుంట పోవాలె. 11011110ల నాలుగు 1లకు కుడి దిక్కు ఒక్కొక్క సున్నా ఉంది, అవి నాలుగు మూడ్లు. మొదటి రెండు 1లకు రెండేసి సున్నాలు, అవి రెండు ఐదులు. గుణిస్తె 2025! జాగ నంబరు లోపటనే ఆ సంఖ్య కారణాంకాలన్ని దాగి ఉన్నయన్నట్టు. 2014ది 131329వ జాగ. దాని తొవ్వ 1, ఎనిమిది సున్నాలు, 1, ఏడు సున్నాలు, 1. చివరి 1కి సున్నాల్లేవు, అది 2. నడిమి 1కి ఏడు సున్నాలు, అది ఎనిమిదో ప్రధాన సంఖ్య 19. మొదటి 1కి పదిహేను, అది పదహారో ప్రధాన సంఖ్య 53.

జాగ చెప్తె సంఖ్య ఎవలో పట్టుకొనుడు సులువు, గుణించుకుంట పోతె చాలు. సంఖ్య చెప్తె జాగ పట్టుకొనుడు కష్టం, ఎందుకంటె కారణాంకాలు విడగొట్టాలె. వందల అంకెలున్న సంఖ్యను విడగొట్టుడు ఇయ్యాలటికి సుత పెద్ద తిప్పలే. 1977ల వచ్చిన ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య తాళం ఆ తిప్పల మీదనే కట్టింది.

నియమం కొంచెం తప్పుగ పెట్టుకుంటె ఏమైతదో సుత చూడాలె. 1 నుంచి మొదలుపెట్టి ఎడమకు మూడింతలు, కుడికి రెట్టింపు అనుకుందాం. 1 కింద 3, 2. 3 కింద 9, 6. 2 కింద 6, 4. మూడో వరుసకే 6 రెండుసార్లు వచ్చింది, 5 ఎన్నటికి రాదు. దుకాణం బంద్.

తొవ్వను వెనకకు నడిచి జాగ పట్టుకునే తెలివి కొత్తది కాదు. బడిల తెలుగు సారు గురువు, లఘువు గుర్తులు పెట్టిచ్చి పద్యంల గణాలు విడగొట్టిచ్చిండు గద. మూడక్షరాల గణాలు ఎనిమిది. పింగళుడి ఛందశ్శాస్త్రం ప్రకారం వాటి వరుస మ, య, ర, స, త, జ, భ, న. ఈ పట్టికను ప్రస్తారం అనే అంటరు, ఇంటర్ పుస్తకంల మాటే. అందుల ఆరోది ఏంది అంటె పట్టిక చూసే పని లేదు. 6 సరి సంఖ్య, లఘువు రాసి సగం చేస్తె 3. అది బేసి, గురువు రాసి ఒకటి కలిపి సగం చేస్తె 2. అది సరి, లఘువు. లఘువు, గురువు, లఘువు, అంటె జగణం. ఈ పద్ధతి పేరు నష్టం, దీని వయసు రెండు వేల ఏండ్ల పైమాటే. అట్లని కంప్యూటర్ మనోళ్లే కనిపెట్టిన్రని వాట్సాప్‌ల కొట్లాడకుండ్రి. పింగళుడు చేసింది ఏందో అదే చాలు, దానికి తోక తగిలించే అవసరం లేదు.

ఇసొంటి వరుసలన్నిటిని ఒక్క కాడ కూడబెట్టినోడు నీల్ స్లోన్. 1964ల అమెరికాల కార్నెల్ యూనివర్సిటీల పరిశోధన చేసుకుంట కార్డుల మీద రాసుకొనుడు మొదలుపెట్టిండు. 1973ల పుస్తకం వేస్తె అందుల 2,372 వరుసలున్నయి. 1996 నుంచి ఇంటర్నెట్ల ఉంది, ఇప్పుడు మూడున్నర లక్షలు దాటినయి. ఓఈఐఎస్ అని వెతికితె ఫోన్ల దొర్కుతది, పైసలు కట్టేది లేదు. డౌడ్నా వరుస నంబరు అందుల ఏ005940. చెట్టు మీద కట్టిన ప్రస్తారాలు ఇంకా చానా ఉన్నయి. మీరు సుత కొత్త వరుస పంపొచ్చు. ఎడిటర్లు పరీక్ష పెట్టి, బాగుంటె వేస్తరు. డిగ్రీ ఏందని అడగరు. ఇంగ్లీషుల రాయాలె, అదొక్కటే మనకు తిప్పల.

ఆ డబ్బల 1, 2, 3, 4, 5, 6 అని కొడితె వేల వరుసలు బయటపడతయి. వాటిల ఏడు వచ్చేటివి ఉన్నయి, ఎనిమిది వచ్చేటివి ఉన్నయి, తొమ్మిది వచ్చేటివి ఉన్నయి. కోచింగ్ల మనకు నేర్పేది ఆప్షన్ పట్టే ఒడుపు. ఉద్యోగానికి అది కావాలె, కాదనను. నా లొల్లి ఏందంటె, ఐదారు అంకెలు చూసి నియమం గిదే అని ఖాయం చేసుకునే అలవాటును మనం లెక్కలు అనుకుంటున్నం. పైకి ఎక్కి చూసినప్పుడు చేసిన పని వేరు. అక్కడ మనం ఒక్క అంకెను సుత అందాజగ చెప్పలేదు.

అందాజకు, రుజువుకు ఎంత దూరం ఉంటదో ఇంకో ప్రస్తారం చూపెడ్తది. 1932 జులై 1 నాడు జర్మనీల లోథర్ కొల్లాట్జ్ అనే విద్యార్థి తన నోట్‌బుక్‌ల ఒక నియమం రాసుకున్నడు. అప్పటికి 21 ఏండ్లు, ఇది చదివే మీలో చానామంది ఈడే. ఆ నియమాన్ని తిరగేసి చెప్తె గిట్లుంటది: సరి సంఖ్య అయితె ఒకటిన్నర రెట్లు చేయాలె. బేసి అయితె ముప్పావు చేసి దగ్గరి పూర్ణసంఖ్య తీసుకోవాలె. 5కు ముప్పావు 3.75, అంటె 4. 7కు 5.25, అంటె 5. ఇది సుత పక్కా ప్రస్తారమే. మూడుతోని భాగం పోయే సంఖ్యలు సరి సంఖ్యల నుంచి, పోనివి బేసి సంఖ్యల నుంచి, ఒక్కొక్కటి ఒక్కసారే వస్తయి.

ఈ నియమాన్ని మల్ల మల్ల వాడుకుంట పోతె ఏమైతదన్నదే ఆయన ప్రశ్న. 1 జాగ కదలదు. 2 పోయి 3 అయితది, 3 పోయి 2. 4, 6, 9, 7, 5, మల్ల 4. బతుకమ్మ చుట్టు తిరిగినట్టు ఐదు సంఖ్యలు గుండ్రంగ తిరుగుతయి. 44తోని మొదలుపెడితె పన్నెండు అడుగులకు మల్ల 44 కాడికే వస్తది.

మరి 8? 8, 12, 18, 27, 20, 30, 45, 34, 51, 38, 57, 43, 32, 48, 72, 108, 162, 243, 182, 273, 205...

తిరిగి 8 కాడికి వస్తదా? తొంబై ఏండ్లు దాటింది, లోకంల ఎవ్వలకు తెల్వదు. కంప్యూటర్లతోని ఎంతో దూరం నడిపిచ్చిన్రు, రాలేదు. రాలేదు కాబట్టి ఎన్నటికి రాదని చెప్పే రుజువు సుత లేదు. డౌడ్నా చెట్టుల పైకి వేసే ప్రతి అడుగు సంఖ్యను చిన్నగ చేసింది, అందుకే రెండు పేరాలల్ల పని అయిపోయింది. ఇక్కడ ఒక అడుగు పెంచుతది, ఇంకో అడుగు తుంచుతది. పట్టుకునే కొస దొర్కుతలేదు. కొల్లాట్జ్ పేరు మీద ఇంతకంటె పేరుపడ్డ లెక్క ఒకటి ఉంది: సరి అయితె సగం, బేసి అయితె మూడింతలు చేసి ఒకటి కలుపుడు, అందరు చివరికి 1 కాడికి చేరుతరా అని. 21 అంకెల సంఖ్యల దాకా కంప్యూటర్ మీద చూసిన్రు, ఒక్కటి సుత తప్పలేదు. దానికీ రుజువు లేదు.

8 ముచ్చట మీరు సుత ముందుకు నడిపిచ్చొచ్చు. 205 కాడ ఆపిన. దానికి ముప్పావు 153.75, అంటె 154. అది సరి సంఖ్య కాబట్టి ఆ తర్వాతది 231.